బొడ్రాయి మలుపు

సాయంత్రం కోళ్లు గంప కిందికి చేరే వేళకు కాటమయ్య చెప్పులు వేసుకొని వాకిట్లో నిలబడేవాడు.

"ఇంటికి పోదాం పాండి. పొద్దు పోతాంది" అనేవాడు.

ఆయన నిలబడిన వాకిలి ఆయన ఇంటిదే. ఊరు రిజర్వాయరులో మునిగిపోయినప్పుడు, కొండాపురం దగ్గర కాలనీలో ఇచ్చిన స్థలంలో ఆయనే దగ్గరుండి కట్టించుకున్న రెండు గదుల ఇల్లు. కానీ రెండేళ్లుగా ఆయన తలలోంచి ఒక్కొక్కటే జారిపోతూ వచ్చి, చివరికి ఈ ఇల్లు కూడా జారిపోయింది. పాత ఊరు మాత్రం మిగిలింది. "ఇదే మన ఇల్లు, నువ్వు కట్టిందే" అని భార్య ఓబులమ్మ చెప్పబోతే కోపమొచ్చేది. తలుపు గడియ పెడితే గోడలు గుద్దేవాడు. ఒకసారి ఎవరూ చూడకుండా రోడ్డెక్కి పోయి, సిమెంటు లారీల మధ్య దొరికాడు.

దానికి ఉపాయం కనిపెట్టింది కూతురు వర్షిత. ఆమె మేనమామ లోకనాథ్‌కు ప్రొద్దుటూరులో కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఆయన ఒక పాత మారుతి కారును అక్క ఇంటి ముందు పెట్టాడు. సాయంత్రం నాయన చెప్పులు వేసుకోగానే వర్షిత తాళం తెచ్చేది. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకొని కాలనీ సందులన్నీ చుట్టేది. నీళ్ల ట్యాంకు వెనక మలుపు, బడి పక్క ఇరుకు, మేకలు కట్టేసే మూల, మళ్లీ ట్యాంకు. అలా తిప్పి తిప్పి బయలుదేరిన చోటికే తెచ్చి ఆపి, "ఇల్లొచ్చింది నాయనా" అనేది. ఆయన దిగి, గుమ్మాన్ని అరచేత్తో తడిమి చూసుకొని, నెమ్మదిగా లోపలికి పోయేవాడు. మరుసటి సాయంత్రం దాకా ఆ అబద్ధం పనిచేసేది.

వర్షితకు పందొమ్మిదేళ్లు. జమ్మలమడుగులో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో హాజరు పిలిస్తే ఆమె పలికే మాట పక్క బెంచీకి కూడా వినిపించదు. బస్సులో కండక్టరు చిల్లర మరిచిపోతే అడగలేక దిగిపోయే రకం. స్టీరింగు వెనక కూర్చుంటే మాత్రం ఆ పిల్ల వేరు. చేతులు తడబడవు, చూపు వంగదు. అది నాయన పెట్టిన విద్య.

కాటమయ్య వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. ఆయన తన వాటా గొర్రెలు అమ్మేసి జీపు కొన్నాడు. ఊరికీ జమ్మలమడుగుకూ మధ్య మనుషులనూ, బస్తాలనూ, పురిటి నొప్పులు పడే ఆడవాళ్లనూ తోలేవాడు. తెల్లారి మొదటి ట్రిప్పుకు ముందు వర్షితను ఒళ్లో కూర్చోబెట్టుకొని, ఆ చిన్న చేతులను స్టీరింగు మీద పెట్టి, "డైవరమ్మా, ఇంక నీదే బండి" అనేవాడు. పెట్టిన పేరుతో పిలిచింది తక్కువ. బడికి పోయినా డైవరమ్మే, జ్వరమొచ్చి పడుకున్నా డైవరమ్మే.

ఇప్పుడు ఆ మాట లేదు. "ఓ పాపా, కాసిన్ని నీళ్లిస్తావా" అని, పొరుగింటి పిల్లను అడిగినట్టు మర్యాదగా అడుగుతాడు. వర్షిత చెంబు అందిస్తూ ఆయన కళ్లలోకి చూస్తుంది. అక్కడ ఆమె ఉండదు. ఆ మాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనను చూసి అంటే చాలని రోజూ సాయంత్రం కారు తిప్పుతూ అనుకునేది. కానీ కాలనీ సందుల్లో మెల్లగా తిరిగే కారు ఆయనను నిద్రపుచ్చేదే తప్ప లేపేది కాదు.

ఆ ఏడు ఎండలకు రిజర్వాయరు నీళ్లు బాగా వెనక్కి పోయాయి. ఒక ఆదివారం లోకనాథ్ వచ్చి అరుగు మీద కూలబడుతూనే మొదలుపెట్టాడు.

"మ్మే వర్షితా, వచ్చే ఆదివారం నీకు పనుంది. నీళ్లు పోయిన కాడ కార్ల పోటీ పెడ్తాండారు. ఆటోక్రాస్ అంటారు."

"ఏంది రా అది?" అంది ఓబులమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

"మైదానంలో రోడ్డు పనుల కాడ పెట్టే మాదిరి కోన్లు పెడ్తారక్కా. వాటి సందుల్లో మలుపులు తిప్పుకుంటా పోవల్ల. ఒకసారికి ఒక్క కారే. ఎవురు తక్కువ టైములో వస్తే వాళ్లు గెల్చినట్టు. గుద్దుకునేది ల్యాదు, సచ్చేది ల్యాదు. ముందొచ్చిన ముగ్గుర్ని పులివెందుల పెద్ద పోటీకి తీసుకుంటారు. అంతా నా మాదిరి షెడ్డోళ్లు, కారు పిచ్చోళ్లు."

"ఆడపిల్లకు ఆ ఆటలెందుకు?"

"దినామూ సాయంత్రం సందుల్లో ఆడతాండేది ఏందక్కా మరి? ఆ ట్యాంకు వెనక మలుపు నేను తిప్పితే గోడకు రాసుకుంటాది. ఇది తిప్పితే గోడకు తెలియను కూడా తెలీదు."

"నాకొద్దు మామా. అందరూ చూస్తాంటారు" అంది వర్షిత తలుపు చాటు నుంచి.

"హెల్మెట్ పెడ్తారు మ్మే. నీ మొగం నీకే కనపడదు, ఇంగ ఊరికేం కనపడ్తాది?"

వర్షిత కాసేపు గడప మీద గోరుతో గీతలు గీసింది. తర్వాత అడిగింది. "పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకోవచ్చా?"

"కూర్చోబెట్టుకోవచ్చు, వాళ్లకూ హెల్మెట్ ఉంటే. ఎవుర్ని?"

ఆమె వాకిట్లో చెప్పులు వేసుకొని నిలబడిన మనిషి వైపు చూసింది. లోకనాథ్ అక్క మొహం చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

ఆదివారం తెల్లవారుజామున వాన పడింది. వేసవి వాన, కుండపోతగా కురిసి, పోటీ వేళకు సన్నని తుంపరగా మిగిలింది. నీళ్లు వెనక్కి పోయిన చోట నేలంతా ఒండ్రు, దాని మీద ఈ తడి. అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతోంది.

పోటీ నడిపే రాఘవేంద్ర పులివెందుల మనిషి. గొడుగు కింద నిలబడి గొంతు చించుకుంటున్నాడు. "వాన అని పోటీ ఆపేది లేదప్పా. బురదైతే అందరికీ బురదే. రెండుసార్లు తోలల్ల, రెండు టైములూ కలిపి సూస్తాం. కోను తగిల్తే రెండు సెకన్లు కూడ్తాం. కోన్ల దారి ఇడిసి బయటికి పోతే మాత్రం పోటీలోంచి పోయినట్టే. దాంట్లో మాటల్లేవు."

అక్కడ ఆరిఫ్ అని ప్రొద్దుటూరు కుర్రాడు, టైర్ల కొట్టు వాళ్లబ్బాయి, తన కారుకు ఆనుకొని నవ్వుతున్నాడు. "లోకన్నా, పోటీకి మేనకోడల్నీ బావనీ తెచ్చినావు. అక్కను యాడ పెట్టినావు, డిక్కీలోనా?"

"నవ్వు రా నవ్వు. మా పాప తోలినాక నీ టైర్లు నువ్వే కొనుక్కోవల్ల" అన్నాడు లోకనాథ్. వర్షిత చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకొని కారు వెనక్కి నడిచింది.

తోలేముందు అందరూ దారిని ఒకసారి నడిచి చూసుకోవాలి. వర్షిత నాయన చెయ్యి పట్టుకొని కోన్ల మధ్య నడిచింది, వెనకే లోకనాథ్. ఆయన కాళ్లకింద బురద చూసుకుంటూ వచ్చాడు తప్ప తలెత్తలేదు. మూడో మలుపు దాటాక వర్షిత ఆగిపోయింది. ఎదురుగా కొండల్లో ఒక చీలిక ఉంది. చిన్నప్పుడు బడి అరుగు మీద కూర్చుంటే సరిగ్గా ఆ చీలికలోనే పొద్దు గుంకేది. ఊరంతా మునిగినా కొండలు మునగలేదు. ఆమె కిందికి చూసింది. ఒండ్రులోంచి ఒక రాతి గడప కొస, సగం విరిగిన రోలు కనిపించాయి.

"మామా, ఇది మా వీధి."

"ఏ వీధో ఏం కతో. ఆ మలుపులో నీళ్లు నిల్చినాయి, సూసుకో."

ఆమె నాలుగడుగులు ముందుకు పోయి, కోన్ల వరుస మధ్యలో నిలబడింది. బొడ్రాయి ఇక్కడే ఉండాలి. ఊరు కట్టినప్పుడు నడిబొడ్డున పాతిన రాయి అది. ఆ రాయిని ఎవరూ దాటేవాళ్లు కాదు. బండి కట్టినా, పెళ్లి ట్రాక్టరు వచ్చినా, శవాన్ని మోసినా దాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని చుట్టూ తిరిగి పోవాల్సిందే. నాయన జీపు ఎంత ఆలస్యమైనా అక్కడికి రాగానే నెమ్మదించేది. ఒక్క హారను కొట్టి, ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాతే జమ్మలమడుగు దారి పట్టేది. తిరిగొచ్చినప్పుడూ అంతే. కాలనీలో కొత్త బొడ్రాయి నిలబెట్టారు గానీ, ట్యాంకు గోడకు ఆనించి నిలబెట్టారు. దాని చుట్టూ తిరగడానికి చోటే లేదు.

పాత రాయి ఇప్పుడు ఒండ్రు కింద ఎంత లోతున ఉందో. పైన మాత్రం నున్నటి బురద, దాని మీద తిన్నగా పోతున్న నారింజ రంగు కోన్లు. నాయన అక్కడే నిలబడి చెప్పుకు అంటిన బురదను విదిలించుకుంటున్నాడు. ఆయనకేమీ తెలియలేదు.

మొదటిసారి తోలేటప్పుడు వర్షిత నాయనకు హెల్మెట్ పెట్టి, బెల్టు బిగించి, పక్కన కూర్చోబెట్టుకుంది. జెండా ఊగింది. కారు కదిలింది. బురదలో స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు వినడం లేదు, కారు తిన్నగా జారుతోంది. నాయన జీపులో చెప్పిన మాట గుర్తొచ్చింది. బురదలో బండిని బెదిరించొద్దు పాపా, బుజ్జగించల్ల. ఆమె యాక్సిలరేటరు మీద కాలు కాస్త వదిలింది. కారు ముందుకు వంగి నేలను పట్టుకుంది. మొదటి మలుపు, రెండోది, నీళ్లు నిలిచిన మూడోది. కారు తిరిగి వీధిలో పడింది.

పక్క సీట్లో కాటమయ్య ఒక్కసారి నిటారుగా లేచాడు. కాళ్లు గుర్తుపట్టనిదాన్ని బండిలో కూర్చున్న ఒళ్లు గుర్తుపట్టింది.

"ఎడమకు! ఎడమకు తిప్పు. బొడ్రాయి!"

వర్షిత ఉలిక్కిపడింది గానీ అప్పటికే కారు కోన్ల మధ్య తిన్నగా దూసుకుపోయింది. కాటమయ్య రెండు చేతులూ కళ్లకు అద్దుకున్నాడు. "దాటినావే. దాటినావే తల్లీ" అని గొణుక్కుంటూ చెంపలు వేసుకున్నాడు. ఆ మాటకు ఆమె చూపు ఆయన వైపు తిరిగి, చివరి మలుపులో ఒక కోను తగిలింది.

అయినా ఆమెది మూడో స్థానం. లోకనాథ్ ఎగిరి గంతేశాడు. "కోను తగల్లేదంటే ఆరిఫ్‌గాడు నీ ఎనకే ఉండేటోడు మ్మే! రెండోసారి బావను దింపు. అంత బరువేసుకొని మూడోదానివి వచ్చినావు, దింపితే మొదటిదానివే."

"మాట్లాడినాడు మామా" అంది వర్షిత. హెల్మెట్ లోపల ఆమె బుగ్గలు తడిగా ఉన్నాయి.

"ఏమన్నాడు?"

"ఎడమకు తిప్పమన్నాడు."

"ఆడ ఎడమకేముంది? తిన్నగా కదా పోవల్ల!"

రెండేళ్లలో నాయన ఎవరికీ దారి చెప్పలేదు. నీళ్లడిగాడు, ఇంటికి పోదామన్నాడు, అంతే. ఇవాళ ఆయన బండిలో ఉన్నాడు. ఆ వీధిలో ఉన్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే తన దగ్గరికి వస్తాడేమో. దింపడానికి ఆమె బెల్టు మీద చెయ్యి వెయ్యబోతే ఆయన ఆ బెల్టును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"సరే, ఉండనీ" అన్నాడు లోకనాథ్ విసుగ్గా. "కానీ పాపా, ఆయన ఏమి చెప్పినా నువ్వు కోన్లే సూడు. నీకు దండం పెడ్తా. షెడ్డు పెట్టినకాడి నుంచి ఒక్కసారన్నా పులివెందులకు నా కారు పోవాలని ఉంది."

"సూస్తా మామా" అంది. నిజంగానే అనుకుంది.

రెండోసారికి వాన పెరిగింది. అద్దం మీద వైపరు అటూ ఇటూ కొట్టుకుంటున్నా ముందు సరిగా కనిపించడం లేదు. అంతకుముందు తోలినవాళ్ల చక్రాలకు దారంతా చాళ్లు పడి ఉంది. వర్షిత మొదటి మలుపును అంచు మీద నుంచి తీసుకుంది. రెండోదాంట్లో వెనక భాగం జారబోతే, ట్యాంకు వెనక చేసినట్టే, ఎదురు తిప్పి సర్దుకుంది. మూడోదాంట్లో నీళ్లు రెండు పక్కలా రెక్కల్లా లేచాయి. తాడు అవతల జనం ఈలలు వేస్తున్నారు. లోకనాథ్ గొంతు వినిపిస్తోంది. ఇంత బాగా ఆమె ఎప్పుడూ తోలలేదు. అది ఆమెకూ తెలుస్తోంది.

వీధి వచ్చింది.

నాయన ఈసారి అరవలేదు. పక్కనుంచి చెయ్యి చాపి, స్టీరింగు మధ్యలో అరచెయ్యి పెట్టి, హారను కొట్టాడు. ఒక్కటే. పొడుగ్గా కాదు, గట్టిగా కాదు. ఊరు నిద్ర లేవకముందు జీపు కొట్టే హారను.

వర్షిత కాలు ఆగింది. కోన్లు కళ్లముందే ఉన్నాయి, వాటినే చూస్తోంది కూడా. చేతులు మాత్రం ఎడమకు తిరిగాయి. కారు రెండు కోన్ల సందులోంచి బయటికి పోయింది. ఆమె గేరు తగ్గించి, ఏమీ లేని ఆ బురద చుట్టూ, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని, నిదానంగా ఒక చుట్టు తిప్పింది. ఎక్కడో ఎర్ర జెండా కొట్టుకుంటోంది. రాఘవేంద్ర విజిల్ ఊదుతున్నాడు.

"ఆఁ, ఇట్ల" అన్నాడు కాటమయ్య. తర్వాత కొంచెం ముందుకు వేలు చూపించాడు. "ఆపమ్మా. ఇల్లొచ్చింది."

రోజూ తను చెప్పే అబద్ధాన్ని ఆయన నోట నిజంగా వినేసరికి వర్షిత ఆయన వైపు తిరిగి చూసింది. కారు ఆపింది. ఆయన తలుపు తీసుకొని వానలోకి దిగాడు. ఆమె పరుగున పోయి ఆయన హెల్మెట్ విప్పింది. ఆయన తడిసిన తలతో విరిగిన రోలు పక్కనుంచి నడిచి, ఒకచోట ఆగి, గాలిలోకి చెయ్యి చాపాడు. అక్కడ గుమ్మం ఉన్నట్టు అరచేత్తో పైకీ కిందికీ తడిమాడు. తృప్తిగా తల ఊపాడు.

ఇటు తిరిగి ఆమెను చూశాడు. ఆ చూపు తేటగా ఉంది. రెండేళ్లలో అంత తేటగా ఎన్నడూ లేదు. వర్షిత తన హెల్మెట్ లాగేసింది, మొహం మీది జుట్టు వెనక్కి తోసుకుంది. చూడు నాయనా, బాగా చూడు.

"ఎవురి బిడ్డవమ్మా నువ్వు?" అన్నాడు కాటమయ్య.

"నేను నాయనా. వర్షితను."

ఆయన ఆ పేరు విని, పరిచయం లేనివాళ్ల పేరు విన్నప్పుడు నవ్వినట్టు మర్యాదగా నవ్వాడు. దగ్గరికొచ్చి ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు.

"బాగా తోలినావు తల్లీ. ఈ వానలో శానా దూరం తెచ్చి దింపితివి. బొడ్రాయిని దాటకుండా సుట్టు తిరిగినావు సూడు, ఈ కాలం పిల్లోళ్లలో ఎవురికి తెలుసు ఆ మర్యాద? మా పాప కూడా నేర్చుకుంటాంది. డైవరమ్మ అంటాం దాన్ని. ఇంగా కాళ్లు అందవులే." చెయ్యి కిందికి దించి, మోకాలంత ఎత్తు చూపించాడు. "పెద్దయినాక నీ మాదిరి తోల్తే చాలు."

వర్షిత ఆ చెయ్యి కింద అలాగే తల వంచుకొని నిలబడింది. కావాలనుకున్న మాట వచ్చింది. తన పక్కనుంచి, తనను తాకకుండా, మోకాలెత్తు పిల్ల దగ్గరికి పోయింది.

లోకనాథ్ బురదలో జారుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది మ్మే నువ్వు చేసింది? గెల్చేదాన్ని ఇడిసిపెట్టి ఈడేం తిరుగుతాండావు? ఏముంది ఆడ?"

"బొడ్రాయి మామా."

ఆయన బురద వైపు చూశాడు. బావ వైపు, బావ చెయ్యి కింద వంగిన తల వైపు చూశాడు. వెనకే వచ్చిన ఆరిఫ్ తన గొడుగు తెచ్చి కాటమయ్య తల మీద పట్టాడు. "యాడుంది లోకన్నా అది? నేనూ దాని మీంచే పోయినా గదా రెండుసార్లూ" అని మెల్లగా అడిగి, నాలుక కరుచుకున్నాడు.

"పదప్పా, తాత తడుస్తాండాడు" అన్నాడు రాఘవేంద్ర. వర్షిత పేరు పోటీలోంచి తీసేసినట్టు ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

పులివెందులకు ఆరిఫ్ కారూ, ఇంకో రెండు కార్లూ ఎంపికయ్యాయి. లోకనాథ్ కారును కాలనీకి తెచ్చి, బురద కడగకుండానే వాకిట్లో పెట్టి, అక్క పోసిన టీ సగం తాగి ప్రొద్దుటూరు బస్సెక్కాడు. పోయేముందు వర్షిత చేతిలో తాళం పెట్టి, ఆ పిడికిలిని ఒకసారి నొక్కి వదిలాడు.

"ఏమన్నాడంట?" అని అడిగింది ఓబులమ్మ, భర్త తల తుడుస్తూ. "నిన్ను గుర్తుపట్టినాడా?"

"బాగా తోలినావన్నాడు మా" అంది వర్షిత. మిగతాది చెప్పలేదు. అమ్మ ఆ కాస్తకే కొంగు కళ్లకు అద్దుకుంది.

సాయంత్రానికి వాన వెలిసింది. కోళ్లు గంప కిందికి చేరాయి. ఊరిని చూసి వచ్చాడు గదా, ఇవాళ అడగడేమోనని వర్షిత గడప మీద కూర్చొని చూస్తూ ఉంది. కాసేపటికి లోపల చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. కాటమయ్య వచ్చి, బురద పట్టిన కారు పక్కన నిలబడ్డాడు. కారును చూశాడు. ఆమెను చూశాడు. ఉదయం తనను దింపిన మనిషిని పోల్చుకున్నట్టు మొహం విప్పారింది.

"నువ్వా తల్లీ! మంచికాలానికి కనపడితివి. రవ్వంత ఇంటికాడ దింపుతావా? పొద్దు పోతాంది." గొంతు తగ్గించాడు. "మా డైవరమ్మ ఎదురుసూస్తాంటాది. నేను పోయిందాకా బువ్వ తినదు."

ఇంటికి పోదామని ఇన్నాళ్లూ అడిగాడు గానీ, ఎవరి కోసమో ఎప్పుడూ చెప్పలేదు.

వర్షిత లేచింది. నేనే నాయనా అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట చెబితే ఆయన మొహంలో ఆ వెలుగు ఏమవుతుందో ఆమెకు తెలుసు. పక్క తలుపు తీసి పట్టుకుంది.

"ఎక్కు పెద్దయ్యా. బిరబిరా పోదాం" అంది.